వద్దన్న ఏడుపు

ఇల్లందు దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న తండాలో, హేమ్లి ఏడవలేదన్న సంగతి చుట్టుపక్కల తండాలన్నిటికీ పాకింది. బిడ్డ చనిపోతే ఏడవని తల్లి ఉంటుందా అని బోరింగు దగ్గర ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అనేవాళ్లదేం పోయింది! హేమ్లి మాత్రం ఎప్పటిలాగే లేచి, రొట్టెలు చేసి, మేకల్ని తోలుకుపోయి, తిరిగొచ్చి మళ్లీ రొట్టెలు చేసేది. పెనం మీద చెయ్యి కాలినా వెంటనే తీసేది కాదు.

ఆమె కూతురి పేరు గోరి. ఏడేళ్లది. ఎనభై ఆరు వానాకాలంలో పిల్లకు జ్వరం ముదిరితే, హేమ్లి, ఆమె భర్త లాలు మంచం మీద వేసుకుని బస్సు రోడ్డుకు బయల్దేరారు. మధ్యలో వాగు పొంగి ఉంది. తగ్గుతుందని గట్టున కూర్చున్నారు. తగ్గింది కూడా. కానీ అప్పటికి దవాఖానాతో పని లేకుండా పోయింది.

ఆ తండాలో కొన్ని ఇళ్లవాళ్లు యేసు ప్రభువును నమ్ముకుని కొంతకాలమైంది. హేమ్లి వాళ్లదీ అందులో ఒకటి. వాళ్ల పాస్టరు దైవాశీర్వాదం మధిర వైపు మనిషి. మంచివాడు, అందులో అనుమానం లేదు. గోరిని పాతిపెట్టిన రోజు ఆయన హేమ్లితో మెల్లగా, "చనిపోయినవాళ్లు మళ్లీ లేస్తారన్న నిరీక్షణ లేనివాళ్లలాగా మనం గుండెలు బాదుకుని ఏడవకూడదమ్మా. పాప ప్రభువు దగ్గరుంది," అన్నాడు. ఆ మాటల్లో హేమ్లి తలకెక్కింది ఒక్కటే, ఏడవకూడదని. ఏడిస్తే ప్రభువు దగ్గరున్న పిల్లకు ఏమైనా అవుతుందేమోనని పైపెచ్చు ఒక భయం. ఆ భయం నోరు తెరిచి చెప్పి ఉంటే పాస్టరు అప్పుడే కాదనేవాడు. చెప్పలేదు.

లంబాడీల్లో చావు ఏడుపు ఒక్కరు ఏడ్చేది కాదు. పుట్టింటి ఆడవాళ్లు వచ్చి, ఒకరి మెడ ఒకరు పట్టుకుని, తలల మీద కొంగు కప్పుకుని, రాగం తీస్తారు. పోయినవాళ్లు ఏం తిన్నారో, ఏం మాట్లాడారో అన్నీ అందులో చెప్పుకుంటారు. ఒకరి చివరి మాటను రెండోవాళ్లు అందుకుంటారు. కడుపులో ఉన్నదంతా బయటికి పోయేదాకా అలాగే సాగుతుంది. హేమ్లి తల్లి సక్రికి ఈ ప్రభువు సంగతి తెలియదు. ఆమెది భద్రాచలం రోడ్డు పక్క తండా. వాగులు తగ్గగానే బస్సెక్కి వచ్చింది. వాకిట్లోకి వస్తూనే చేతులు చాచి రాగం ఎత్తబోయింది. హేమ్లి రెండు చేతులూ అడ్డం పెట్టి ఆపేసింది.

"మేం ఏడ్వొద్దు, యాడీ."

లంబాడి మాటలో యాడి అంటే అమ్మ. సక్రి చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. మనవరాలి కోసం ఏడవడానికి కూడా పనికిరానిదాన్నయ్యానా అని అడిగింది. కూతురు అడ్డం పెట్టిన చేతులు దించకపోయేసరికి, మంచినీళ్లయినా ముట్టకుండా వచ్చిన దారినే వెళ్లిపోయింది. తల్లి కనుమరుగయ్యేదాకా హేమ్లి చూస్తూ నిలబడింది. ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించకపోవడం చూసి కాస్త భయమేసింది, కొన్నాళ్లకు ఆ భయమూ పోయింది.

క్రిస్మస్ వచ్చింది. లాలు వెదురు చీల్చి, రంగు కాగితాలు అంటించి నక్షత్రం కట్టాడు. గోరి ఉంటే కాగితాలన్నీ తానే అంటిస్తానని పేచీ పెట్టేది. మొగుడూ పెళ్లాం ఇద్దరికీ అది గుర్తొచ్చింది. ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడే గుంపు వాళ్ల గుమ్మం ముందు మాత్రం గొంతు తగ్గించి పాడి వెళ్లింది. హేమ్లి కొత్త చీర కట్టుకుంది. కట్టుకోమన్నారు కాబట్టి కట్టుకుంది.

పండుగ పొద్దున ఆరాధన అయ్యాక మందిరం ముందు పిల్లల నాటకం ఉంటుంది. మందిరమంటే తాటాకుల పాకే. నాటకం ఏటా ఒకటే. బాలయేసు పుడతాడు, గొల్లలు వస్తారు, జ్ఞానులు వస్తారు, చివర్లో, బాలయేసును చంపాలని ఊళ్లోని పసిపిల్లలందర్నీ నరికించిన హేరోదు రాజు వస్తాడు. పిల్లలకు ఆ చివరిదంటేనే ప్రాణం. అట్ట కిరీటం హేరోదు కేకేయగానే భటులు కర్రకత్తులు తిప్పుతారు, బెత్లెహేము పసిపిల్లలుగా నిలబడ్డ చిన్నవాళ్లంతా కిసుక్కున నవ్వుతూ దబదబా పడిపోతారు. పెద్దవాళ్లూ పడీపడీ నవ్వుతారు. చచ్చిన పిల్లల్ని చూసి నవ్వేమిటని ఇన్నేళ్లలో ఒక్కరికీ తోచలేదు, ఏం మనుషులో! పాస్టరు చప్పట్లు కొడితే పిల్లలంతా లేచి పాట పాడాలి. కిందటేడు ఆ పడ్డవాళ్లలో గోరి ఉంది. పడి, ఒక కన్ను తెరిచి, అమ్మ చూస్తోందా లేదా అని చూసింది.

ఈసారీ పిల్లలు పడ్డారు. చప్పట్లు వినబడ్డాయి. దుమ్ము దులుపుకుంటూ ఒకరి వెనుక ఒకరు లేచారు. ఇంకా ఎవరో లేవాల్సి ఉన్నట్టు హేమ్లి ఖాళీ నేల వంకే చూస్తోంది. పాట అందుకోబోతుంటే నిలబడింది.

"అయ్యగారూ, ఆ తల్లులు ఏం చేసిన్రు?"

ఏ తల్లులమ్మా అని అడిగాడు పాస్టరు.

"గీ పిల్లల తల్లులు. పిల్లలను చంపినంక ఏం చేసిన్రు?"

పండుగ పూట ఎందుకులే అని దైవాశీర్వాదం ఏటా ఆ ముక్క దాటేసేవాడు. ఇప్పుడు దాటే దారి లేదు.

"ఏడ్చారమ్మా. ఎంత ఓదార్చినా ఊరుకోలేదు."

"ఏడ్వొద్దని దేవుడన్నడా?"

"అనలేదు."

"మరి నేనేడిస్తే, నా బిడ్డకేం గాదా?"

ఇన్నాళ్లూ ఈ తల్లి మోస్తున్నది ఏమిటో, దాన్ని నెత్తికెత్తింది ఎవరో అప్పుడు తెలిసింది ఆయనకు. వచ్చి ఆమె ఎదుట మట్టిలో చతికిలబడ్డాడు.

"ఏం కాదు తల్లీ. నిన్ను వద్దనడం నా తప్పు. ఏడువమ్మా. ఆ పిల్లల్ని లేపేవాడు పుట్టాడనే కదా ఈ పండుగ."

ఆడవాళ్లు చుట్టూ చేరారు. హేమ్లికి ఏడుపు రాలేదు. తన కళ్లను తానే తడిమి చూసుకుంది, పొడిగానే ఉన్నాయి. విస్తళ్లు వేస్తుంటే లాలు వైపు తిరిగి, యాడి దగ్గరికి పోదామంది. అన్నం ముట్టకుండానే ఇద్దరూ రోడ్డు మీదికి వచ్చి బస్సెక్కారు.

సక్రి వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. కూతుర్ని చూసి మళ్లీ చేటలోకి తలదించుకుంది. పండుగ అయిపోయిందా అని మాత్రం అడిగింది, అదీ పొడిపొడిగా. హేమ్లి పక్కన కూర్చుని తల్లి చేతుల్లోంచి చేట తీసి కింద పెట్టింది. మెడ చుట్టూ చేతులు వేసి, కొత్త చీర కొంగు ఇద్దరి తలల మీదికీ లాగింది. చాలాసేపు ఏమీ రాలేదు. తల్లి కదలకుండా కూర్చుంది. తర్వాత బొంగురుగా, ఎవరిదో గొంతులాగా రాగం బయటికొచ్చింది. గోరికి కాలిన రొట్టె అంచులంటే ఇష్టమని చెప్పింది. మేకపిల్లను పక్కలో పడుకోబెట్టుకునేదని చెప్పింది. వాగు గట్టున దాహమన్నదని చెప్పింది. ప్రతి చివరి మాటనూ సక్రి అందుకుంది.

"కిందటేడు గిట్లనే పడ్డవు బిడ్డా, కన్ను తెరిచి నన్ను చూసినవు, లేచినవు. మళ్ల లేస్తవు."

సక్రికి నాటకం సంగతి తెలియదు. ఆ మాట ఎక్కడిదో ఏమిటో అడగనూ లేదు. కూతుర్ని ఇంకా దగ్గరికి అదుముకుని, వరుస ప్రకారం చివరి మాట తాను అందుకుంది.

"లేస్తవు బిడ్డా," అంది. "లేస్తవు."