గురువారం ఎదుటి కుర్చీ

తొంభైల చివర్లో, నలభై దాటాక, నేను మళ్ళీ కాలేజీలో చేరాను. పగలు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర సిటీ బస్సు దిగి రెండు సందులు నడిస్తే కాలేజీ. అక్కడ కౌన్సెలింగ్‌లో ఏడాది డిప్లొమా ఉండేది. ఆసుపత్రుల్లో, హాస్టళ్ళలో కష్టంలో ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడే పనికి తయారుచేసే చదువు.

"ఈ వయసులో ఇదేం చదువండీ?" అని స్టాఫ్ రూములో అడిగితే, "పెన్షన్ లేని ఉద్యోగం కదా, ఇంకో పని చేతిలో ఉండాలి" అనేదాన్ని. అది అబద్ధం కాదు గానీ, అసలు సంగతి వేరు. మావారు పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో వరండాలో నా పక్కన కూర్చుని, "ఎలా ఉన్నావమ్మా" అని అడిగినవాళ్ళు లేరు. డాక్టర్లు మంచివాళ్ళే, వాళ్ళకు తీరిక లేదు. అలా పక్కన కూర్చునే మనిషిని నేనవ్వాలనుకున్నాను.

గురువారం ప్రాక్టికల్. మమ్మల్ని ఇద్దరిద్దర్ని జత చేసి కూర్చోబెట్టేవారు. ఒకరు కౌన్సెలరు. ఎదుటి కుర్చీలో ఉన్నవారు తమ కష్టం చెప్పుకోవాలి. అరగంటయ్యాక కుర్చీలు మారాలి. మా మేడం నాకంటే చిన్నది. మొదటిరోజే నియమాలు చెప్పింది. కల్పించిన కష్టాలు తేవద్దు, చిన్నదైనా సొంతదే తేవాలి. విన్నది గది దాటకూడదు. ఎదుటివారి రూపం గురించి, బట్టల గురించి మాట్లాడకూడదు. నేను అన్నీ రాసుకుని కింద గీత కూడా గీశాను.

నాకు జతగా వచ్చిన అమ్మాయిది వన్‌టౌన్‌లో గాజుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. ఇరవై దాటి రెండు మూడేళ్ళుంటాయేమో. ఎదుటి కుర్చీలో కూర్చుంటే దాపరికం లేదు. తను కొట్లో కూర్చోవడం అన్నకు నచ్చదని చెప్పి ఏడ్చేది, ఆ వెంటనే అన్న నడకను అనుకరించి నవ్వేది. నా వంతు వచ్చినప్పుడు మాత్రం ముందురోజే సిద్ధం చేసుకున్న కష్టం చెప్పేదాన్ని. ఒక వారం పై వాటా ఆవిడ నీళ్ళు మా గుమ్మంలో పోస్తోందని. ఇంకోవారం హెడ్‌మిస్ట్రెస్ సంగతి. తర్వాత మళ్ళీ పై వాటా.

"అక్కా, ఈ పై వాటా ఆవిడ నిజంగా ఉందా?"

"ఉంది. ఎందుకూ?"

"మొన్న ఇద్దరు కొడుకులన్నారు. ఇవాళ కూతురంటున్నారు."

"మొత్తం ముగ్గురు."

"అమ్మో, వారానికొకర్ని కంటోంది!"

ఆ నవ్వు మేడం దాకా వెళ్ళింది. క్లాసయ్యాక నన్ను ఆపింది. "వచ్చే నెల అందర్నీ ఆసుపత్రికి పంపుతున్నానండీ. మిమ్మల్ని పంపలేను. తన మాట ఒక్కటీ చెప్పుకోలేని మనిషి దగ్గర ఇంకొకరు నోరెలా విప్పుతారు?"

"డిప్లొమా రాదా మేడం?"

"పరీక్ష రాస్తే అదొస్తుంది. ఆసుపత్రి మాత్రం లేదు."

నాకు కావలసింది ఆసుపత్రే. ఆ రాత్రి కూర్చుని, ఆయన గురించి ఏం చెప్పాలో వరసగా రాయబోయాను. హైస్కూలు రోజుల నుంచీ డైరీ రాస్తున్న చెయ్యి. పెళ్ళి, బదిలీలు, జబ్బు. సర్వీసు రిజిస్టరులా వచ్చింది. చింపేశాను.

ఆ గురువారం "మావారు పోయి నాలుగేళ్ళయింది" అన్నాను. అక్కడే ఆపి, చీర కుచ్చెళ్ళు సర్దుకోసాగాను. అమ్మాయి, క్లాసులో మాకు నేర్పినట్టే, కాస్త ముందుకు వంగి, మధ్యమధ్య తల ఊపుతూ కూర్చుంది. ఇక ఉండబట్టలేకపోయింది.

"అక్కా, మీ కళ్ళజోడు ఎప్పుడూ అంత మసగ్గా ఉంటుందేంటి? నేనసలు కనిపిస్తున్నానా?" అనేసి నాలిక కరుచుకుంది. "అయ్యో, అడక్కూడదు కదా! మేడం విందంటారా?"

"ఆయన తుడిచేవారు" అన్నాను.

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. పొద్దున్నే నేను టిఫిన్ బాక్సులు సర్దుతుంటే చెప్పా పెట్టకుండా నా మొహం మీంచి కళ్ళజోడు తీసేసేవారు. ఊది, బనీను అంచుతో తుడిచి, కిటికీ వెలుగులో చూసి మళ్ళీ పెట్టేవారు. ఒక చెవికి ఎప్పుడూ సరిగ్గా తగిలించేవారు కాదు. "నూనె బనీనుతోనా!" అని నేను, "కనిపిస్తోందా లేదా?" అని ఆయన. కూచిపూడిలో నాట్యం చూడ్డానికి అరువు స్కూటరు మీద తీసుకెళ్తూ కూడా, దుమ్ము పడిందని కాలవగట్టు మీద బండి ఆపారు. ఆసుపత్రిలో చేరిన రెండోవారం ఆ అలవాటు మానేశారు. ఇక ఇంటికి రారని నాకు అప్పుడే తెలిసింది.

అమ్మాయి నా కళ్ళజోడు వైపు చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకుంది. అలా వెనక్కి తీసుకోవడమే మంచిదైంది.

బస్టాపులో నన్ను మోచేత్తో పొడిచింది. "ఇంతకీ కూచిపూడి చేరారా, లేదా?"

"గది దాటకూడదు."

"గురువారం దాకా ఆగమంటే నేను చచ్చిపోతానక్కా!"

మరో రెండు గురువారాలు చెప్పాను. వారమంతా ఆ అరగంట కోసమే ఎదురుచూసేదాన్ని. ఇంట్లో ఆయన గోడ మీద పటం. ఆ గదిలో మాత్రం ఆఫీసుకు ఆలస్యమవుతోందని చెప్పులు వెతుక్కునేవారు, నాతో పోట్లాడేవారు.

మూడోవారం మేడం నా పేరు ఆసుపత్రి జాబితాలో చేర్చింది. సంతోషంగా వెళ్ళి చూస్తే, నా డ్యూటీ పడింది గురువారాలే. ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకు ప్రాక్టికల్ అక్కడితో అయిపోయినట్టేనట. మేడంతో "థాంక్సండీ" అన్నాను. ఆ అమ్మాయిని వేరే ఆసుపత్రికి వేశారు. చదువయ్యాక హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్ళింది. కొన్నాళ్ళు రంజాన్‌కి ఫోను చేసేది.

డిప్లొమా అయ్యాక అదే ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. రిటైరయ్యేదాకా అక్కడి వరండాలోనే కూర్చున్నాను. బందరు నుంచి, గుడివాడ నుంచి వచ్చినవాళ్ళు నా పక్కన బెంచీ మీద కూర్చుని ఏడ్చారు, తిట్టారు, కొందరు నిద్రపోయారు. మంచి ఉద్యోగం. ఇంకో పని చేసి ఉంటే బాగుండేదని ఎప్పుడూ అనుకోలేదు.

రిటైరయ్యే ముందు ఒకరోజు, భర్తకు ఆపరేషన్ జరుగుతున్న ఒకావిడ కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "మీవారేం చేస్తారమ్మా?" అంది.

ఊరికే అడిగింది. కానీ నాకు ఒక్కసారిగా అంతా చెప్పాలనిపించింది. ఆయన "కనిపిస్తోందా లేదా?" కూడా నోటిదాకా వచ్చింది.

"ముందు మీ సంగతి చెప్పండమ్మా" అన్నాను.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. నేను కాస్త ముందుకు వంగాను.