సేటు అని పిలిచే టైపిస్టు

దివాలా తీసినవాళ్లంతా ఆయనకు సేట్లే. మేడ్చల్‌లో ఐపీ కాగితాలు టైపు చేసే ఆ పెద్దాయన, అప్పులు తీర్చలేక కోర్టుకెక్కే ప్రతివాణ్నీ "రా సేటూ, కూసో" అనేవాడు. బహదూర్‌పల్లిలో నా టెంట్‌హౌస్ అప్పుల్లో మునిగాక, నేనూ వెళ్లి ఆయన ముందు కూర్చున్నాను. ఆ పిలుపు వినగానే కాలరు సర్దుకున్నాను.

"బంగారం ఏమన్న ఉందా సేటూ? ఉన్నదంత రాయాలె."

దర్జాగా వేలి ఉంగరం చూపించాను. టైపు మిషను మీద ఆయన వేళ్లు ఆగిపోయాయి. అబద్ధం వాసన తగిలితే అవి అలాగే గాల్లో నిలబడేవి.

"గిల్టా?" అన్నాడు మెల్లగా.

వెనక బెంచీ మీద మా ఊరివాళ్లున్నారు. ఏమీ మిగల్లేదని రాయించుకోవడానికి వచ్చినవాణ్ని, కాదు, బంగారమే అన్నాను.

"బంగారమని రాస్తే కోర్టుల అప్పజెప్పుమంటరు సేటూ. అప్పుడేం జేస్తవ్?"

ఉంగరం తీసి జేబులో వేసుకున్నాను. ఆయన వేళ్లు మళ్లీ కదిలాయి. ఆఖరి కాగితం మీద సంతకం పెట్టి లేచాను.

"చాయ్ తాగి పో తమ్మీ" అన్నాడు.

ఎవరిని పిలుస్తున్నాడా అని వెనక్కి తిరిగి చూశాను.