అన్నిటి పక్కనా అదే మాట

సూరత్‌లోని లింబాయత్‌లో మా ఆయన మరమగ్గాల మీద పనిచేస్తారు. మొన్న వానాకాలంలో ఆయనకు కడుపునొప్పి తగ్గకపోతే స్కానింగ్ తీయించాం. రిపోర్టు మా అమ్మాయి కంప్యూటర్‌కు వచ్చింది. తను కాలేజీకి వెళ్లడంతో, ఇంటర్ దాకా చదివిన నేనే తెరిచాను. లివర్ పక్కన, కిడ్నీల పక్కన, అన్నిటి పక్కనా ‘అన్‌రిమార్కబుల్’ అని ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

“ఏందే, గట్ల ఏడుస్తున్నవ్?” అన్నారాయన.

“లోపలన్నీ ఖరాబైనట్టున్నయి!”

“జర ఆగు. ముందుగాల ఆ మాటకు మతలబేందో చూడు.”

అమ్మాయి నేర్పినట్టు ఆ మాట మీద మౌస్ నొక్కి, కంప్యూటర్‌లోనే ఉండే డిక్షనరీ తెరిచాను. కూడబలుక్కుని చదివితే, ‘చెప్పుకోదగ్గ విశేషమేమీ లేనిది’ అని అర్థమైంది. అంటే జబ్బేమీ కనబడలేదన్నమాట!

ఆయన పకపకా నవ్వారు. “నాల విశేషమేం లేదని పెండ్లైనకాడికెల్లి నువ్వంటనే ఉన్నవ్ గద! గిప్పుడు డాక్టర్లు గూడ రాసిచ్చిన్రు.”

కళ్లు తుడుచుకుంటూనే నేనూ నవ్వేశాను. సాయంత్రం డాక్టరుగారు చూసి, అది గ్యాస్ నొప్పేనని మందులిచ్చారు.

ఇప్పుడు ఊరి నుంచి ఎవరైనా ఫోన్ చేసి విశేషాలేమిటని అడిగితే, ఏమీ లేవని ఎంతో సంతోషంగా చెబుతున్నాను.