హెల్మెట్ లోపలి మాటలు

వేరే గ్రహం మీద జరిగే టీవీ సీరియల్‌ను నవలగా రాయాల్సి రావడం నా గ్రహపాటు. ప్రచురణకర్త పెట్టిన షరతులు రెండే: కథ మారకూడదు, పేజీలు పెరగకూడదు. చూసినవాళ్లకు మళ్లీ చూసినట్టుంటే చాలన్నారు. అదేం పెద్ద పని అనుకున్నాను. అందరూ విన్న మాటలు మళ్లీ ఎందుకని సంభాషణలు తగ్గించి యుద్ధాలు పెంచాను. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు తప్ప వేరే ఎరుపు ఎరగనివాణ్ణి, ఆ ఎర్రటి గ్రహమంతా ఘాటైన దుమ్ము లేపాను.

రాతప్రతి మొదట చదివింది మా అక్క. ఆమె ఏళ్ల తరబడి స్పిన్నింగ్ మిల్లులో పనిచేసింది. అక్కడ యంత్రాల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆడవాళ్లంతా ఒకరి పెదాలు ఒకరు చూసి కబుర్లు చెప్పుకుంటారు, తిట్టుకుంటారు కూడా. ఆ హోరే మెల్లగా ఆమె చెవుల్ని తినేసింది. ఇప్పుడు ఇంట్లో మేం కంచాల్లోకి తలలు వంచుకుని మాట్లాడుకుంటే ఆమెకేమీ అందదు. టీవీలో మనుషులు ఎదురుగా నిలబడి మాట్లాడతారు. అందుకే ఆ సీరియల్ ఒక్క రోజూ వదల్లేదు.

"ఇదేందిరా, వాళ్లు హెల్మెట్ పెట్టుకోగానే నువ్వు కూడా మొహం తిప్పేశావు?" అంది, కాగితాలు పక్కన పెట్టి.

నాకర్థం కాలేదు. హెల్మెట్ అద్దం మీద వెలుగు పడితే లోపలి పెదాలు కనపడవని అప్పుడు చెప్పింది. ఆ గ్రహం నేల మీద జరిగే సన్నివేశాలన్నీ ఆమెకు మూగవే. తండ్రి కూతుర్ని ఓడ ఎక్కించి తాను ఉండిపోయే చివరి సన్నివేశం కూడా.

"మీరంతా ఏడ్చారు. ఎందుకో తెలీకుండానే నేనూ ఏడ్చా. నీ పుస్తకంలో ఉంటదిలే అనుకున్నా. 'బరువెక్కిన గుండెతో వీడ్కోలు చెప్పాడు' అని రాశావు. ఏం చెప్పాడ్రా?"

గుండె ఎంత బరువెక్కినా నా వాక్యం మాత్రం తేలికే.

"ఉండు, చెప్తా" అని కుర్చీ ఆమె ఎదురుగా లాక్కున్నాను. ఆమె కళ్లు మూసుకుంది.

"నాకు విడిగా చెప్పమాక. ఇంట్లో అన్నీ నాకు తర్వాత విడిగానే చెప్తారు. అందరూ చదివే పుస్తకంలో రాయి."

కళ్లు మూసుకున్నాక ఆమెతో వాదించడానికి దారి లేదు. ఆ హెల్మెట్లలోకి దూరి, వాటి లోపలి మాటలన్నీ మళ్లీ రాశాను. సీరియల్‌ను చూసినట్టే చూపించడం కాదు నవల పని, తెర మూసేసిన చోట తలుపు తీయడం. ఇది తెలియకుండానే పుస్తకం పూర్తిచేశాననుకున్నాను.

పేజీలు పెరిగాయి. ప్రచురణకర్త నుంచి ఫోను రానే వచ్చింది.

"ఆ డైలాగులు జనం విన్నవే గదండీ. తీసేద్దాం. ఛానల్ వాళ్లకి యుద్ధాలు తెగ నచ్చాయి. మీరు కాదంటే వేరేవాళ్లతో రాయించమంటున్నారు."

నాకు ఇంకో పుస్తకం ఇచ్చేవాళ్లెవరూ లేరు. అక్క ఎదురుగా కూర్చుంది. ఫోనులో గొంతు ఆమెకు అందదు. నా జవాబులు మాత్రం నా పెదాల మీద చదువుకుంటోంది.

"ఏమంటారు సార్, తీసేయనా?" అన్నారు ఫోనులో.

అలవాటు కొద్దీ 'సరేనండీ' అనబోయి, ఆమె చూపు నా నోటి మీదే ఉండటం చూసి ఆగాను.

"యుద్ధం ఒకటి తీసేయండి. ఆ మాటలు ఉండాలి" అన్నాను, ఒక్కో మాటా విడదీసి.