ఉగాది నాడు నేను కాపలా కాసిన మినుములు

మా పుట్టిల్లు బాపట్లలో శ్మశానానికి నాలుగిళ్ళ ఇవతల. చిన్నప్పుడు ఆ దారినే బడికి వెళ్ళేవాళ్ళం. శ్మశానం గోడ మీదే కూర్చుని రేగుపళ్ళు తినేవాళ్ళం. వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే మా నాన్న ముందు జ్వరం చూసుకోమనేవారు. దయ్యాలంటే నాకు భయం లేకపోవడమే కాదు, భయపడేవాళ్ళంటే చులకన కూడా ఉండేది. ఇది చదివి మీరు నన్ను చులకన చేసినా ఏమీ అనుకోను. ఒకప్పుడు నేనూ ఆ పనే చేశాను.

డెబ్బైల మొదట్లో సంగతి. రేపల్లె దగ్గర, పెనుమూడికి మైలు దూరంలో మా అత్తవారి ఊరు. ఇంట్లో ముగ్గురం: మా ఆయన, నేను, మా వదిన. వదినంటే మా ఆయనకు పెద్దక్క. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మా అత్తగారు నేను కాపరానికి రాకముందే కాలం చేశారు. ఆవిణ్ణి ఫోటోలో తప్ప నేను చూడలేదు. మాకు అప్పటికి పిల్లల్లేరు.

రథసప్తమి వెళ్ళి ఎండ చురుక్కుమనడం మొదలైందంటే మా ఇంట్లో పురుగూ పుట్రా మీద యుద్ధమే. నల్లుల కోసం మంచాలు ఎండలో వేసి సందుల్లో మరిగే నీళ్ళు పోసేవాళ్ళం. కొత్త మినుములు, కందులు ఎండబోసి, బూడిద, వేపాకు కలిపి కుండల్లో పోసి, మూతులకి మట్టీ పేడా మెత్తేవాళ్ళం. ఆ కుండల్ని ఒకదాని మీద ఒకటి దొంతిగా పేర్చి, పైనుంచి ఒక్కొక్కటే దించుకుని వాడుకునేవాళ్ళం.

ఆ ఏడు మా ఆయన తెనాలి నుంచి పురుగుల పొడి తెచ్చారు. బీహెచ్‌సీ అనేవారు దాన్ని. అందరూ వాడుతున్నారు, మనమే ఇంకా బూడిద పట్టుకుని వేలాడుతున్నామన్నారు. నాకూ నచ్చింది. రెండ్రోజుల్లో చీమలు పోయాయి, నల్లులు పోయాయి. గోడల వార, మంచాల కింద, గుమ్మాల దగ్గర ఎక్కడ చూసినా పొడే. వారం తిరిగేసరికి ఆ వాసన ఇల్లంతా పట్టేసింది. మాకు అలవాటైపోయి అదొక వాసనని కూడా తెలియడం మానేసింది.

వదిన మాత్రం తమ్ముణ్ణి కేకలేసింది. "తిండి గింజలుండే ఇంట్లో విషం చల్లటం ఏంట్రా?" అంది. ఆయన నవ్వేశారు.

విత్తనాలకు ఉంచిన మినుముల్లో కూడా ఆ పొడే కలిపి, రెండు కుండల్లో పోసి, గుర్తుకు సున్నం బొట్లు పెట్టారు. వాటిని దొంతి అడుగున ఉంచారు. "బొట్టున్న కుండల్ని ముట్టుకోబాకండి" అని మా ఇద్దరికీ చెప్పారు.

ఉగాది ఇంకా నెల్లాళ్ళు ఉందనగా నేను ఇల్లు దులిపాను. దొంతి దించి, కింద ఊడ్చి, మళ్ళీ పేర్చాను. పండగ వస్తోంది కదా అని ప్రతి కుండకీ సున్నం పట్టెలు, ఎర్ర జాజు పట్టెలు వేశాను. నా ముగ్గులకు మా ఊళ్ళో పేరుండేది, ఆ మురిపెం ఒకటి. నా సున్నంలో ఆయన పెట్టిన బొట్లు కలిసిపోయాయన్న సంగతి తట్టలేదు. విత్తనాలు అడుగున ఉంటాయిలే అనుకున్నాను. దించిన వరసలోనే తిరిగి పేర్చానా అన్నది అసలు ఆలోచించలేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.

ఆ తరవాత కొన్నాళ్ళకి, ఇడ్లీకని పై కుండలో మినుములు తీసి నానబోసి, బట్టలు ఉతకడానికి దొడ్లోకి వెళ్ళాను. వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉంది. మినుములు లేవు. పుచ్చులు కనబడి వదిన పారబోసిందేమో అనుకున్నాను. అడిగితే తెలియదంది.

పది రోజుల తరవాత మళ్ళీ అంతే. ఈసారి వెతికాను. దొడ్లో గోడ వార మట్టి తడిగా కనిపించింది. కెలికితే లోపల నానిన మినుములు. జానెడు లోతు గొయ్యి తీసి, అందులో పోసి, పైన మట్టి కప్పి అరచేత్తో అదిమిన గుర్తులున్నాయి. కోళ్ళు కూడా గీరి తినలేనంత గట్టిగా అదిమారు. ఇది పిల్లి పనీ కాదు, కుక్క పనీ కాదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టేశాననుకున్నాను. పొడి తెచ్చామన్న కోపాన్ని వదిన నా వంట మీద తీర్చుకుంటోందని తేల్చేసుకున్నాను. రెండ్రోజులు పిల్లి మీదా ఎలక మీదా పెట్టి సాధించాను. మూడో రోజు మొహం మీదే అనేశాను.

ఆవిడ ఏడవలేదు. "నేను కాదు రాజ్యం. అమ్మ మీద ఒట్టు" అంది.

చచ్చిపోయినవాళ్ళ మీద ఒట్లు ఎవరైనా వేస్తారన్నాను. ఆ మాటకి అన్నం తింటున్న మా ఆయన కూడా తలెత్తి నా వంక చూశారు.

అప్పట్నుంచీ ఆవిడ నా చేతి వంట సరిగ్గా తినలేదు. ఇంత మజ్జిగన్నం కలుపుకుని లేచిపోయేది. నాది గయ్యాళి నోరే కానీ రాతి గుండె కాదు. వారం గడిచేసరికి సిగ్గేసింది. ఉగాది నాడు ఆవిడకిష్టమైన పొట్టు గారెలు చేసి పెట్టి, తప్పయిందని చెప్పుకుందామనుకున్నాను.

పండగ పొద్దున్నే మినుములు నానబోశాను. ఈసారి అక్కడినుంచి కదల్లేదు. గిన్నె ముందు పీట వేసుకుని కూర్చున్నాను. వదిన వీధి గుమ్మానికి మామిడాకులు కడుతోంది, నాకు కనిపిస్తూనే ఉంది. మా ఆయన చెరువుకి స్నానానికి వెళ్ళారు. పట్టపగలు, ఇల్లంతా వెలుగు.

ఉన్నట్టుండి చూస్తే గిన్నె మూత పక్కన ఉంది. నేనే తీశానేమో అనుకుని మళ్ళీ పెట్టాను. కాసేపటికి మళ్ళీ పక్కనే ఉంది. అప్పుడు మూత మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. దీన్ని ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు. అయిదు వేళ్ళు, చల్లగా, తడిగా. నా చేతిని గిన్నె మీద నుంచి పక్కకు లాగుతున్నాయి. ఎదురుగా ఎవరూ లేరు. నాకు భయం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. రెండో చెయ్యి కూడా వేసి మూతను అదిమిపట్టాను. "ఎవరైనా సరే, ఇవాళ పారబోయనివ్వను" అని పైకే అన్నాను. రెండు గాజులు చిట్లాయి. ఆ తరవాత పట్టు సడలింది. ఒక్కసారిగా వదల్లేదు. అలిసిపోయినట్టు మెల్లగా వదిలింది.

"ఏంటి రాజ్యం, ఎవరితో మాట్లాడుతున్నావు?" అంది వదిన గుమ్మంలోంచి. ఎవరూ లేరన్నాను.

అవి కాలవలు కట్టేసిన రోజులు. మా ఊరి బావి నీళ్ళు ఉప్పన. మంచినీళ్ళు మైలు దూరం నుంచి మోసుకొచ్చేవాళ్ళం. అందుకని మినుముల్ని ఒక్క నీటితోనే కడిగి, పొట్టుతోనే రుబ్బాను. మా ఆయన పంచాంగం వినడానికి గుడికి వెళ్ళారు. తొలి వాయి వదినకే పెట్టాను.

నాలుగు తింది. నోరు చేదుగా ఉందంటే, పొద్దున పచ్చడిలో వేపపువ్వు ఎక్కువ వేశానన్నాను. ఇక చాలంది. "నా మీద కోపం లేకపోతే ఇంకో రెండు తినండి వదినా" అన్నాను.

"కోపం ఎందుకే, పిచ్చిదానా" అని నవ్వి, ఆ రెండూ తింది.

గంట తిరక్కుండా ఫిట్స్ వచ్చాయి. ఊళ్ళోవాళ్ళు మా ఆయన్ని గుడి నుంచి పిలుచుకొచ్చారు. రేపల్లె నుంచి కారు తెప్పించుకుని తెనాలి ఆసుపత్రికి బయలుదేరాం. దారిలో ఆయన నా మణికట్టు చూసి ఏంటిదన్నారు. అయిదు వేళ్ళ మచ్చలు, నల్లగా కమిలి ఉన్నాయి. ఆవిడ తల నా ఒళ్ళో ఉంది. వేమూరు దాటాక ప్రాణం పోయింది.

మర్నాడు మా ఆయన దొంతి దించారు. నేను మినుములు తీసిన పై కుండ విత్తనాలదే. గింజలకి పొడి అంటుకునే ఉంది. తినే మినుములకి బూడిద ఉంటుంది కాబట్టి నాకు తేడా తెలియలేదు. ఆయన దొడ్లో గొయ్యి తీసి ఆ గింజలన్నీ పాతిపెట్టారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పదో రోజున పక్కింటి ముసలావిడ వచ్చి ఏడ్చింది. "ఆ మధ్య పొద్దస్తమానం మా ఇంట్లోనే కూర్చుని చింతపండు గింజ తీసిందమ్మా, బంగారం లాంటి మనిషి" అంది. ఏ రోజని అడిగాను. మినుములు రెండోసారి పోయిన రోజే. వదిన ఆ సంగతి నాతో ఎందుకు చెప్పలేదా అనుకున్నాను. నేను చెప్పనిస్తేగా.

డాక్టరీ చదివిన మా పినతల్లి కొడుకు చాలా ఏళ్ళ తరవాత ఒక మాట అన్నాడు. నా ముక్కుకు ఆ పొడి వాసన తగిలి, నాకే తెలియకుండా నేనే వాటిని పాతిపెట్టి ఉంటానన్నాడు. ఆ మాట పట్టుకుని చాలా రోజులు ఆలోచించాను. మొదటి రెండుసార్లూ అలాగే జరిగిందనుకుందాం. మరి నా రెండు చేతులూ మూత మీద ఉన్నప్పుడు నా మణికట్టు పట్టుకున్నది ఎవరు?

ఊళ్ళోవాళ్ళు మాత్రం అది మా అత్తగారే అన్నారు. నేను ఒప్పుకోలేదు. దయ్యాల మీద నమ్మకం లేక కాదు, ఆ పట్టింపు ఆ రోజే పోయింది. ఆ వచ్చింది ఆవిడే అయితే, కూతుర్ని కాపాడుకోవడానికి వచ్చిన తల్లితో నేను రెండు చేతులా పెనుగులాడాను. ఆవిడ అలిసిపోయేదాకా వదల్లేదు. గెలిచాను.