రహమతుల్లా సారు దాచిన మాత్ర

జమ్మలమడుగు జూనియర్ కాలేజీలో రహమతుల్లా సారు కెమిస్ట్రీ చెబుతున్నాడంటే పక్క సెక్షన్ పిల్లలు కూడా వచ్చి కూర్చునేవారు. కిరోసిన్‌లోంచి సోడియం తీసి, కత్తితో వెన్నలా కోసి, చిన్న ముక్కను నీళ్లలో వేస్తే అది సుయ్యిమంటూ పరుగులు తీసేది. "లిథియం నిదానం మనిషి. పొటాషియంకు శానా కోపం, నీళ్లు తగిలితే మండుతాది. అయినా అందరూ ఒక ఇంటోళ్లే" అనేవాడు.

ఆ లిథియాన్నే మాత్రల రూపంలో ఆయన రోజూ మింగుతున్నాడని భార్య అఖ్తర్ బీకి తప్ప ఎవరికీ తెలియదు. మనసు జబ్బుతో ఒకప్పుడు కొన్నాళ్లు నిద్ర లేకుండా ఊరంతా తిరిగి, మరికొన్నాళ్లు మంచం దిగకుండా పడుకున్న మనిషి ఆ మందుతోనే నిలదొక్కుకున్నాడు. సొంతూరు ప్రొద్దుటూరులో ఎవరైనా చూస్తారని పులివెందుల పోయి చూపించుకునేవాడు. ఉప్పు ఉన్నట్టుండి తగ్గించవద్దని అక్కడి డాక్టరు చెప్పిన మాట ఇంట్లో చెప్పలేదు.

బీపీ పెరిగిందని భార్యాభర్తలు ప్రొద్దుటూరులోనే డాక్టర్ దీప్తి దగ్గరికి వెళ్లారు. ఆమె ఆయన శిష్యురాలు.

"ఇంకేమన్నా మాత్రలు వాడుతాండారా సార్?"

అఖ్తర్ బీ చెప్పబోయింది. ఆయన ముందే "లేదమ్మా" అనేశాడు.

"అయితే ఉప్పు బాగా తగ్గించండి."

అఖ్తర్ బీ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. ఊరగాయ జాడీ అటకెక్కించింది. కొద్దిగా తగ్గితే ఏమవుతుందిలే అనుకున్నాడాయన. ఉప్పుతో వచ్చే సోడియం ఒంట్లో తగ్గేకొద్దీ, బయటికి పోవలసిన లిథియాన్ని దాని ఇంటిదే అనుకుని మూత్రపిండాలు పట్టి ఉంచాయి. అది పేరుకుని విషమైంది. చేతులు వణికాయి, వాంతులు పట్టుకున్నాయి. ఒకరోజు గడపలోనే కూలిపోయాడు. కడప ఆసుపత్రిలో అఖ్తర్ బీ మాత్రల పేరు చెప్పాకే సంగతి బయటపడింది.

బతికాడు. నడక, మాట మాత్రం మునుపటిలా రాలేదు. ఉద్యోగం మానుకున్నాడు.

దీప్తి ఇంటికి వచ్చింది. "ఒక్క మాట చెప్పింటే వేరే దారి చూసేదాన్ని కద సార్."

"నాకు తెల్సమ్మా. నేను చెప్పే పాఠమే అది." మాట ముద్దముద్దగా వస్తోంది. "నీ ముందర చిన్నబోతానని..."

"ఉప్పు తగ్గిచ్చింది నేను పాపా" అంది అఖ్తర్ బీ, తల వంచుకుని.

కాదని చెప్పబోయాడు రహమతుల్లా. ఆ మాట కూడదీసుకునేలోపే ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.