ఏడు మాత్రల బస్సు

మా నాన్నకు జగ్గయ్యపేటలో మైక్ సెట్ ఉండేది. పెళ్ళిళ్ళకు, దేవుడి కల్యాణాలకు, ఎన్నికల సభలకు అద్దెకిచ్చేవాడు. ఇంటి ముందు గదే షాపు. అందులో రెండు యాంప్లిఫయర్లు, గొట్టం స్పీకర్లు, ఒక రికార్డు ప్లేయరు, చెక్కపెట్టెల నిండా సినిమా పాటల రికార్డులు ఉండేవి. నా పేరు పలకడం కంటే ముందు "హలో, మైక్ టెస్టింగ్" అనడం నేర్చుకున్నానని అమ్మ చెబుతుండేది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు నాన్న బెజవాడ నుంచి పాత రికార్డుల కట్ట తెచ్చాడు. వాటిని తుడిచి, వేసి చూసి, గీతలు పడినవి పక్కన పెట్టడం నా పని. అప్పటికి ఇంటరు అయిపోయి ఇంట్లోనే ఉంటున్నాను. ఆ కట్టలో అట్ట సగం చిరిగిపోయిన ఇంగ్లీషు ఎల్పీ ఒకటి వచ్చింది. ఎవరు పాడారో, ఎవరు వాయించారో రాసి ఉన్న సగమే చిరిగిపోయింది.

ముల్లు పెట్టాను. ముందు హార్మోనియంలాంటిదే, కానీ గదంతా నిండిపోయేంత పెద్దది ఏదో మోగింది. దాని వెనకాల డ్రమ్ములు, తర్వాత గిటారు. పాట ఇక అయిపోతుందనుకున్న చోట అయిపోలేదు. మలుపు తిరిగింది. నెమ్మదించింది. ఎవరో ఏదో పాడారు, ఆపేశారు. మొదట వచ్చిన వరస మళ్ళీ వచ్చింది, కానీ ఈసారి ఉరుకుతూ వచ్చింది. ఒక వైపంతా ఒకటే పాట. అంత పొడుగు పాట ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అంతకు ముందు నాలుగేళ్ళు పేటలో ఒక టీచరుగారి దగ్గర గాత్రం నేర్చుకున్నాను. అలవాటు కొద్దీ నా చెయ్యి తొడమీద తాళం వేస్తోంది. ఎంత వేసినా ఎనిమిదికి కుదరలేదు. మళ్ళీ మొదటికి పెట్టి విన్నాను. తకిట తకధిమి. ఏడు. మిశ్రచాపు. ఏ దేశంవాళ్ళో తెలియదు, వాళ్ళు గిటార్లు పట్టుకుని మా టీచరుగారి తాళంలో వాయిస్తున్నారు. నేను ఒక్కదాన్నే నవ్వుకుంటూ గదిలో అటూ ఇటూ తిరిగాను.

నాన్న వచ్చి కాసేపు విని, "ఇది పెళ్ళిలో వేస్తే జనం భోజనాలు చెయ్యకుండా వెళ్ళిపోతారమ్మాయ్. పక్కన పెట్టెయ్," అన్నాడు.

పక్కనే పెట్టాను. నా మంచం పక్కన. దాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని తెలియడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి నాకు తెలిసింది ఒకటే. అలాంటిది నేనూ ఒకటి చెయ్యాలి.

మా షాపులో ఆపరేటరుగా పనిచేసే ఆయన నాన్నకు తమ్ముడి లెక్క. నేను బాబాయ్ అనేదాన్ని. మైకు కట్టడానికి ఏ చెట్టయినా ఎక్కేసేవాడు. పీర్ల పండక్కి ఊళ్ళో డప్పు అందుకుంటే ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన బావమరిది కవ్వాలీ మేళంలో బుల్‌బుల్ వాయించి మానేశాడు. ఆ బుల్‌బుల్ వాళ్ళ అటక మీద ఉందని తెలిసి అడిగి తెచ్చుకున్నాను. తీగెల మీద టైపు మిషనుకున్నట్టు మీటలుంటాయి దానికి. ఎడమచేత్తో మీట నొక్కి కుడిచేత్తో తీగె మీటాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాన్న నన్ను నందిగామలో టైపు ఇన్‌స్టిట్యూటులో చేర్చాడు. కోర్టు ఊరు కదా, టైపు వస్తే ఏ ప్లీడరు దగ్గరైనా ఉద్యోగం దొరుకుతుందని ఆయన ఆలోచన. రోజూ బస్సెక్కి వెళ్ళేదాన్ని. పొద్దున మిషను మీద వేళ్ళు, సాయంత్రం బుల్‌బుల్ మీద వేళ్ళు. నెల తిరిగేసరికి చూడకుండా రెండూ కొట్టగలిగాను.

బుల్‌బుల్ బాగానే మోగేది కానీ రికార్డులో గిటారులా మండేది కాదు. ఒక మధ్యాహ్నం మైకు తీసి దాని చెక్కకు రబ్బరుతో బిగించి, యాంప్లిఫయరు గుండీ చివరిదాకా తిప్పి, తీగె మీటాను. కొత్తగా రిపేరు చేసిన గొట్టాన్ని బాబాయ్ డాబా మీద పెట్టి వైరు తగిలించి ఉంచాడన్న సంగతి నాకు తెలియదు. ఆ శబ్దం బజారంతా చీల్చుకుంటూ వెళ్ళింది. ఎదురింటి మిరపకాయల వ్యాపారి పంచె సర్దుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏంటమ్మా అది? లారీ ఏమన్నా గేదెను గుద్దిందా?"

"కాదండి, సంగీతమండి," అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూసి లోపలికి వెళ్ళాడు. నాకు మాత్రం పట్టరాని సంతోషం. దొరికింది. అదే చిరుగు, అదే మంట. యాంప్లిఫయరు ఓర్చుకోలేనంత గట్టిగా పెడితే వచ్చే శబ్దం అది. ఏ మైక్ సెట్ వాళ్ళయినా రాకుండా చూసుకునేది, నేను కావాలని తెచ్చుకున్నాను.

ఇక పాట దేని మీద కట్టాలి? ఆ రికార్డులో వాళ్ళు దేని గురించి పాడారో నాకు సగం కూడా అర్థం కాలేదు. నాకు బాగా తెలిసిన పొడుగాటి సంగతి ఒకటే, పేట నుంచి నందిగామకు బస్సు ప్రయాణం. ఎక్కడ నెమ్మదిస్తుందో, ఎక్కడ ఊగుతుందో, ఎక్కడ పత్తిచేల మీదుగా గాలి కొడుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. దాన్నే వాయిద్దామనుకున్నాను.

డప్పు కోసం బాబాయిని కూర్చోబెట్టాను.

"ఏడు కొట్టాలి బాబాయ్."

"ఏడేంటి తల్లీ? పీర్లకు ఎనిమిది. ఆ ఒకటి ఎక్కడ పారేశావు?"

ఎంత చెప్పినా ఆయన చెయ్యి ఎనిమిదో దెబ్బకు తనంతట తనే వెళ్ళిపోయేది. ఇద్దరం విసిగిపోయాం. మర్నాడు బస్టాండులో నిలబడి ఉంటే కండక్టరు తలుపు పట్టుకుని దారిలో ఊరి పేరు అరుస్తున్నాడు. "చిల్లకల్లూ, చిల్లకల్లూ." నా చెయ్యి తొడమీద పడింది. చిల్ల, మూడు. కల్లూ, నాలుగు. ఆ బస్సు వదిలేసి ఇంటికి పరిగెత్తాను.

"బాబాయ్, ఏడూ ఎనిమిదీ మర్చిపో. నోటితో చిల్లకల్లూ అనుకుంటూ కొట్టు."

ఆయన అనుకుంటూ కొట్టాడు. ఒక్క దెబ్బ పొల్లుపోలేదు. కొడుతూ కొడుతూ తల ఊపడం మొదలుపెట్టాడు. "ఇది కుంటుతూ పరిగెత్తే గుర్రంలా ఉందే," అన్నాడు. ఆపమన్నా చాలాసేపు ఆపలేదు.

వాయించడానికి నేను ఒక్కదాన్నే, వినిపించాల్సింది పదిమంది. దానికి దారి టేపురికార్డర్లు చూపించాయి. హరికథలు రికార్డు చెయ్యడానికి నాన్న కొన్నది ఒకటి. దుబాయి నుంచి బాబాయి తమ్ముడు పంపింది ఇంకొకటి. మొదటిదాంట్లో డప్పు రికార్డు చేసి, దాన్ని మోగిస్తూ పక్కన నా గాత్రం రోజుల నాటి హార్మోనియం వాయిస్తే, రెండూ కలిసి రెండోదాంట్లోకి ఎక్కుతాయి. ఇప్పుడు రెండోదాన్ని మోగిస్తూ బుల్‌బుల్ వాయిస్తే మూడూ కలిసి మళ్ళీ మొదటిదాంట్లోకి.

అలా మారుస్తున్నకొద్దీ ముందు ఎక్కించింది వెనక్కి, వెనక్కి జరిగిపోయేది. మొదట బాధపడ్డాను. బాబాయి డప్పు ఎక్కడో పక్క ఊళ్ళో మోగుతున్నట్టయింది. తర్వాత తెలిసొచ్చింది. దూరంగా ఉండాల్సినదాన్ని ముందు ఎక్కించాలి, చెవి పక్కన ఉండాల్సినదాన్ని ఆఖర్న. అంతే, మొత్తం వరస తిరగేశాను. చేలు ముందు, రోడ్డు తర్వాత, బస్సు ఆఖరు. టేపు చేసే బుస కూడా పెరిగేది. కిటికీలోంచి కొట్టే గాలిలా ఉందని దాన్ని అలాగే ఉంచేశాను.

సాయంత్రమైతే పొలాల్లో మోటార్లు వేస్తారు, ఓల్టేజి పడిపోతుంది, టేపు నెమ్మదిస్తుంది, శ్రుతి దిగిపోతుంది. బుల్‌బుల్ తీగెలు వదులు చేసుకుని వెతుక్కోవాలి. అందుకని ఎండాకాలం మధ్యాహ్నాలు పట్టుకున్నాను. భోజనాలై ఊరంతా నడుం వాల్చే వేళ. తలుపులు బిగించుకుని, చెమటతో చీర తడిసిపోతుంటే, అన్నీ మర్చిపోయి వాయించేదాన్ని. అంత సుఖంగా నేను మరెప్పుడూ లేను.

బస్సు హారను, ఇంజను, కండక్టరు కేకలు బస్టాండులో ఎక్కించాను. ఆఖరి భాగంలో నందిగామ రావాలి కదా. నా నందిగామ అంటే టైపు మిషన్ల చప్పుడే. టేపురికార్డరు సంచిలో పెట్టుకుని వెళితే మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"టైపు నేర్చుకోడానికొచ్చావా, సినిమా తియ్యడానికొచ్చావా?"

"ఒక్క పేజీ అందరినీ కలిసి కొట్టమనండి మాస్టారూ. మళ్ళీ అడగను."

నా పక్క మిషను అమ్మాయి ముందే అందరికీ చెప్పి ఉంచింది. మాస్టారు "ఊఁ, కానీండి" అనగానే మిషన్లన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. లైను చివర గంటలు ఒకదాని వెనక ఒకటి టింగు టింగుమన్నాయి. టేపురికార్డరు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను.

అదంతా ఒక్కటిగా కుదిరి, క్యాసెట్టులో ఒక వైపు నిండేసరికి రెండు వేసవులు గడిచాయి. విన్నది బాబాయి, ఆ పక్క మిషను అమ్మాయి, అంతే. నాన్నకు చెప్పే ధైర్యం చాలలేదు.

ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. నందిగామలోనే, పగటి ముహూర్తం. మైక్ సెట్ మాదే. నేను లోపల పెళ్ళికూతురికి జడ వేస్తున్నాను. మగపెళ్ళివారి బస్సు గరికపాడు దగ్గర టైరు పంక్చరై ఆగిందని ఎవరో కబురు తెచ్చారు. అందరూ డీలా పడి కూర్చున్నారు. అంతలో పాట ఆగిపోయింది. రికార్డు ప్లేయరు బెల్టు తెగిందట, నాన్న కొత్తది వెతకడానికి బజారుకు వెళ్ళాడట. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు నాకు వినిపించింది గొట్టంలోంచి బస్సు హారను. తర్వాత "చిల్లకల్లూ, చిల్లకల్లూ."

బాబాయ్ నా క్యాసెట్టు పెట్టేశాడు. నేను జడ సగంలో వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తాను.

"వచ్చేశారు, వచ్చేశారు," అని పందిట్లో కేక లేచింది. సన్నాయి అందుకుంది. హారతి పళ్ళెం పట్టుకున్నవాళ్ళు, పన్నీరు బుడ్డి పట్టుకున్నవాళ్ళు వీధిలోకి పరిగెత్తారు. వీధిలో ఒక రిక్షా తప్ప ఏమీ లేదు. అందరూ తలెత్తి వేపచెట్టు మీది గొట్టం వైపు చూశారు.

పెళ్ళికూతురి తండ్రి మైకు దగ్గరికి వచ్చాడు. "ఎవరయ్యా ఈ బస్సు పెట్టింది?"

బాబాయ్ గుండీ మీద చెయ్యి వేశాడు. "ఆపేస్తున్నానండి."

ఆయన ఒక్క క్షణం విన్నాడు. "ఆపబాకయ్యా. ఎటూ పెళ్ళివారు రాలేదు. ఇదన్నా ఎక్కడిదాకా వస్తుందో చూద్దాం."

పందిట్లో నవ్వులు. ఇక జనం విన్నారు. "ఇదిగో, గేరు మార్చాడు," అని ఒకరు. "హైదరాబాదు రోడ్డెక్కింది," అని ఇంకొకరు. బుల్‌బుల్ చీల్చుకుంటూ వచ్చినప్పుడు ముసలాయన ఒకరు చెవులు మూసుకున్నారు కానీ లేచి వెళ్ళలేదు. అప్పుడు డోలు విద్వాంసుడు వేళ్ళతో డోలు అంచు మీద మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. రెండు ఆవర్తాలు విని, "మిశ్రచాపు," అని సన్నాయి ఆయనతో అని, కర్ర అందుకున్నాడు. గొట్టంలో బాబాయి డప్పు, కింద నిజం డోలు. నేను ఎక్కించలేకపోయిన దగ్గరితనమంతా ఆయన చేతుల్లోంచి వచ్చింది. నేను ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాను.

టైపు మిషన్లు వచ్చేసరికి వెనకనుంచి పెళ్ళికూతురు సగం జడతో వచ్చి నా భుజం కుదిపింది. "విన్నావా, మూడో గంట నాది."

ఆ హడావుడిలో వీధిలో నిజంగానే హారను మోగింది. ఎవరూ లేవలేదు, అదీ టేపులోదే అనుకున్నారు. పెళ్ళికొడుకు తండ్రి పందిట్లోకి వచ్చి, "ఏవండీ, ఎదుర్కోలుకు ఎవరూ లేరా?" అన్న తర్వాతగానీ కదలిక రాలేదు.

పెళ్ళయ్యాక సామాను జీపులో వేసుకుని వస్తుంటే నాన్న నావైపు తిరిగాడు. బెల్టు కొనుక్కుని తిరిగి వస్తూ సగం నుంచి విన్నాడట.

"ఎప్పుడు చేశావు ఇదంతా?"

"మధ్యాహ్నాలు నాన్నా. నువ్వు పడుకున్నప్పుడు."

"ఆ బుల్‌బుల్ కొంచెం తగ్గించాల్సింది. చిట్లుతోంది."

"చిట్లాలనే పెట్టా."

ఆయన ఆలోచించాడు. "అయితే రెండో యాంప్లిఫయరు వాడు. దానిది ఇంకా బాగా చిట్లుతుంది."

టైపు హయ్యరు పరీక్ష పాసయ్యాను, నందిగామలో ఒక ప్లీడరుగారి ఆఫీసులో ఉద్యోగమూ వచ్చింది. నా బస్సు ఏ రికార్డూ కాలేదు, రేడియోలోనూ రాలేదు. అడిగినవాళ్ళకు క్యాసెట్టు మీదకు ఎక్కించి ఇచ్చేదాన్ని. ఒక లారీ డ్రైవరు బొంబాయి దాకా పట్టుకెళ్ళాడని బాబాయ్ చెప్పాడు. ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజనీరుగారు ఒకరు షాపుకొచ్చి, విని, ఆ సంగీతం పేరు నాకు చెప్పారు. నేను పేరును రెండుసార్లు పలికి చూసుకున్నాను.

"మీ ఫ్యాక్టరీలో రాళ్ళు పిండి చేసే మిషను ఎలా మోగుతుందండీ?" అని అడిగాను.

"చెవులు పోతాయమ్మా. ఎందుకు?"

నాన్న అప్పటికే స్కూటరు తాళం వెతుకుతున్నాడు. ఆ ఆదివారం ఇద్దరం వెళ్ళాం. గేటు ఇంకా చాలా దూరం ఉండగానే ఆ చప్పుడు వినిపించింది. నేను వెనక కూర్చుని, టేపురికార్డరు ఒళ్ళో పట్టుకుని, నాన్న వీపు మీద తాళం వేయడం మొదలుపెట్టాను. ఏడూ కాదు, ఎనిమిదీ కాదు. అప్పటికింకా ఎంతో తేలలేదు.